రీల్ బాగానే ఉంది, లైన్ చూడండి: బాస్ ఫిషింగ్ సామానుపై అపోహలు - వాస్తవాలు

బేగంబజార్ వైపు మాది గాలం సామాను షాపు. రాడ్లు (గాలం కర్రలు), రీళ్లు (గాలం తాడును, అంటే లైన్‌ను, చుట్టే యంత్రాలు) అమ్ముతాం, రిపేర్లు నేనే చేస్తాను. ఈ మధ్య రిపేరుకు వస్తున్న స్పిన్నింగ్ రీళ్లలో చాలావాటికి స్క్రూ విప్పే పని కూడా ఉండటం లేదు. "కొత్తదే అన్నా, నాలుగు రోజులకే చెడిపోయింది. విసిరితే లైన్ మొత్తం కుచ్చులా ఊడి వస్తోంది" అంటారు. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్ల పిల్లలు వాట్సాప్ వీడియో కాల్‌లో అదే చూపిస్తారు. వాళ్లు అక్కడి చెరువుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే చేప కోసం కొన్నారు. ఇక్కడివాళ్లు ఆ బాస్ వీడియోలే చూసి కొర్రమీను కోసం కొన్నారు. ఇద్దరిదీ ఒకటే తప్పు, ఇద్దరి డబ్బూ ఒకే దారిన పోతోంది.

అపోహ: లైన్ చిక్కు పడుతోందంటే రీల్ నాసిరకం. ఇంకాస్త ఖరీదైనది కొంటే పోతుంది.

పోదు. పోయిన ఎండాకాలం కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. అబ్బాయి అమెరికా నుంచి సెలవుల్లో వచ్చాడు. ఒకదాన్ని మించిన ధరలో మరొకటిగా మూడు రీళ్లు కొన్నాడు, మూడూ చిక్కు పడుతున్నాయి. తండ్రికి డబ్బు బాధ, అబ్బాయికి తనకే చేతకావడం లేదేమోనన్న దిగులు. రీళ్లు చూస్తే మూడూ శుభ్రంగా తిరుగుతున్నాయి. మూడింట్లోనూ ఒకే పెద్ద చుట్ట నుంచి ఎక్కించిన 30 పౌండ్ల (అంత బరువు దాకా తెగని) నైలాన్ లైన్, అదీ అంచు దాకా. "గట్టి లైన్ అయితే తెగదు కదా అంకుల్" అన్నాడు.

అసలు జబ్బు అక్కడే ఉంది. 30 పౌండ్ల నైలాన్ సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. బాస్‌కు వాడే 2500 సైజు రీల్ స్పూల్ (లైన్ చుట్టుకునే గిలక) చిన్నది. అంత మందపు లైన్‌ను దాని మీద చుడితే పాత ల్యాండ్‌ఫోన్ వైరులా చుట్టలు చుట్టలుగా పైకి లేస్తుంది. విసరగానే ఒక చుట్ట వెళ్లేలోపు నాలుగు చుట్టలు కలిసి దూకుతాయి. పది వేల రూపాయల రీల్ పెట్టినా, లక్ష రూపాయల రీల్ పెట్టినా ఇదే జరుగుతుంది.

ఇంతకీ బాస్‌కు 30 పౌండ్లు ఎందుకు? టెక్సస్ రాష్ట్రం మొత్తానికి రికార్డు బాసే 18.18 పౌండ్లు, 1992లో లేక్ ఫోర్క్‌లో పడింది. మామూలుగా గాలానికి చిక్కేవి రెండు మూడు పౌండ్లవి. పెద్దగా చెత్తలేని నీళ్లలో స్పిన్నింగ్ రీల్‌తో వేసేవాళ్లకు 10 పౌండ్ల బ్రెయిడ్ (సన్నటి పోగులు జడలా అల్లిన లైన్), దాని చివర 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (గాలం వైపు కట్టే ముక్క) ఒక రెండు మీటర్లు సరిపోతుంది. బ్రెయిడ్ వద్దనుకుంటే 8 పౌండ్ల మెత్తటి నైలాన్ వేయండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ఇదే ఇస్తాను. చవక, ముడి వేయడం తేలిక, చెడినా మార్చేసుకోవచ్చు.

ఎక్కించే పద్ధతి రెండో సంగతి. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్ తిరగదు, బెయిల్ అనే తీగ దాని చుట్టూ తిరుగుతూ లైన్‌ను పరుస్తుంది. కొత్త చుట్టను తప్పు వైపు పెట్టి ఎక్కిస్తే ప్రతి చుట్టుకూ లైన్‌కు పురి ఎక్కుతూనే ఉంటుంది. చుట్టను లేబుల్ పైకి ఉండేలా నేల మీద పెట్టండి. లైన్‌ను గుడ్డతో వేళ్ల మధ్య బిగువుగా పట్టుకుని హ్యాండిల్‌ను ఒక పదిహేను సార్లు తిప్పి ఆపండి. రాడ్ కొస కిందికి దించి లైన్‌ను వదులు చేయండి. అది తనంతట తాను మెలికలు తిరిగితే చుట్టను తిరగేయండి. మెలిక తిరగకపోతే అలాగే కొనసాగించండి. స్పూల్ అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండగా ఆపేయాలి. డబ్బు పెట్టి కొన్నాం కదా అని మొత్తం ఎక్కించకండి.

నీటి దగ్గర పురి ఎక్కించే అలవాట్లు రెండు ఉన్నాయి. విసిరాక హ్యాండిల్ తిప్పి బెయిల్ మూయడం ఒకటి. చేత్తో మూసి, లైన్‌ను ఒకసారి బిగువుగా లాగి, అప్పుడు తిప్పండి. చేప లాగుతూ డ్రాగ్ (లైన్ తెగకుండా కాస్త జారనిచ్చే బిగింపు) జారుతున్నప్పుడు కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉండటం రెండోది. 6.2:1 రీల్ అయితే హ్యాండిల్ ఒక్క తిప్పుకు రోటర్ (బెయిల్ ఉన్న తిరిగే భాగం) ఆరుసార్లు తిరుగుతుంది, లైన్ లోపలికి రాదు, ఆ ఆరు తిప్పులూ పురిగా లైన్‌లో చేరతాయి. చేప లాగేటప్పుడు తిప్పకుండా ఆగాలి. ఇప్పటికే పురి ఎక్కి ఉంటే లూర్ (బొమ్మ ఎర) తీసేసి, ఖాళీ గ్రౌండ్‌లో లైన్ మొత్తం నేల మీద వదులుతూ నడిచి, గుడ్డలో పట్టి మళ్లీ చుట్టుకోండి.

ఆ అబ్బాయి రీళ్లలో అన్నిటికంటే చవకదానికే 10 పౌండ్ల బ్రెయిడ్ ఎక్కించి, షాపు వెనక ఖాళీ స్థలంలో చిన్న సీసపు గుండు కట్టి విసరమన్నాను. ఎదుటి గోడ దాకా సాఫీగా వెళ్లింది. "మరి ఈ రెండూ?" అన్నారు పెద్దాయన. అవీ బాగానే పనిచేస్తాయని చెప్పాను. మిగిలిన రెండింటినీ ఎవరైనా కొంటారా అని అడుగుతుంటే నాకు నిజంగా బాధేసింది.

అపోహ: డ్రాగ్ పోయింది, పూర్తిగా బిగించినా లైన్ జారుతోంది.

బ్రెయిడ్‌ను నేరుగా నున్నటి స్పూల్‌కు కట్టి ఉంటారు. స్పూల్ కదలదు, దాని మీద లైన్ చుట్ట మొత్తం తిరుగుతుంటుంది. వేలితో స్పూల్‌ను కదలకుండా పట్టుకుని లైన్ లాగి చూస్తే తెలిసిపోతుంది. ముందు పది పదిహేను చుట్లు మామూలు నైలాన్ వేసి, దానికి బ్రెయిడ్ కట్టండి. అడుగున నైలాన్ ఎంత ఎక్కువ వేస్తే బ్రెయిడ్ ఖర్చు అంత తగ్గుతుంది. విసిరే దూరానికి వంద మీటర్ల బ్రెయిడ్ ఎక్కువే. పై భాగం రంగుపోయి నూగు లేచాక తిరగేసి ఎక్కించుకుంటే లోపలి కొత్త భాగం పైకి వస్తుంది.

అపోహ: బేరింగులు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి రీల్.

దీన్ని ఎవరు పుట్టించారో గానీ, పేరు తెలియని కంపెనీలు పెట్టె మీద 13+1 అని ముద్రించి బతికేస్తున్నాయి. షిమానో సెడోనాలో ఉన్నవి 3+1. 200 డాలర్లు దాటే స్ట్రాడిక్‌లో 6+1. ఆ +1 అనేది హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగ్. అంకె చదవడం మాని రీల్‌ను చేతిలోకి తీసుకోండి. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోందా? రోటర్ ఒరుగుతోందా? డ్రాగ్ కాస్త బిగించి లైన్ మెల్లగా లాగితే మెత్తగా కదులుతోందా, ఆగి ఆగి వస్తోందా? లైన్ రోలర్ (బెయిల్ చివర లైన్ జారే చిన్న చక్రం) తిరుగుతోందా? బెయిల్ తీగ, రోలర్ మీద దూదితో రుద్దండి, పోగు పట్టుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే, అది లైన్‌ను కోసేస్తుంది. ఈ పరీక్షలకు నిలబడితే 50 డాలర్లలోపు రీల్ బాస్‌కు ఏళ్ల తరబడి వస్తుంది. బాక్సు మీద "మ్యాక్స్ డ్రాగ్ 10 కిలోలు" అని ఉంటే దానికీ డబ్బు ఇవ్వకండి. 8 పౌండ్లంటే 3.6 కిలోలు, డ్రాగ్ పెట్టుకునేది అందులో పావు వంతు నుంచి మూడో వంతు, అంటే కిలో చుట్టుపక్కల.

అపోహ: ఫ్లోరోకార్బన్ కనిపించదు కాబట్టి రీల్ నిండా అదే వేయాలి.

నైలాన్ కంటే తక్కువ కనిపిస్తుంది, అంతే. బిరుసు ఎక్కువ, స్పిన్నింగ్ స్పూల్ మీద నిలవదు, ధర కూడా ఎక్కువ. లీడర్ వరకే చాలు. మన బురద కుంటల్లో అదీ అక్కర్లేదు.

అపోహ: బాస్ సెట్ కొర్రమీనుకు సరిపోతుంది.

తెరిపి నీళ్లలో అయితే సరే. గుర్రపుడెక్క, తామరాకుల మధ్య ఫ్రాగ్ (కప్ప బొమ్మ ఎర) వేసేవాళ్లకు సరిపోదు. కొర్రమీను పట్టగానే గడ్డిలోకి దూరుతుంది, దాన్ని వెంటనే పైకి లాగాలి. అక్కడ 30 నుంచి 40 పౌండ్ల బ్రెయిడ్, 4000 సైజు రీల్, గట్టి రాడ్ కావాలి. ఇప్పటిదాకా మందపు లైన్ వద్దన్నానని ఇక్కడ తికమక పడొద్దు. 30 పౌండ్ల బ్రెయిడ్ సుమారు 8 పౌండ్ల నైలాన్ మందమే ఉంటుంది. చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీలది, అడిగి వేయండి. అమెరికాలో ఉన్నవాళ్లు ముందు ఆ రాష్ట్రం లైసెన్స్ తీసుకోండి.

ఇక కొబ్బరినూనె. దయచేసి రీల్‌లో పోయకండి, లోపల జిగురు కట్టి దుమ్ము పడుతుంది. లైన్ రోలర్‌కు, హ్యాండిల్ నాబ్‌కు కుట్టుమిషన్ నూనె ఒక్కో చుక్క చాలు, గేర్లకు గ్రీజు. రిపేరుకు తెచ్చేటప్పుడు లైన్ తీసేసి, తుడిచి తేకండి. అది ఎలా ఎక్కించారో, ఎంత దాకా ఎక్కించారో నాకు చూడాలి.