సెల్లార్‌లో బుస కొట్టేది నాగుపామేనా?

గట్టి వాన పడిన మర్నాడు హైదరాబాద్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి వీడియో ఒకటి తిరుగుతుంది: సెల్లార్‌లో నీళ్లు, గోడ వారన పాము, వెనక నుంచి "నాగుపాము, నాగుపాము" అని కేకలు. చాలాసార్లు అది నీరుకట్టె, విషం లేని నీటి పాము.

జనం పొరబడేది ఊరికే కాదు. బెదిరితే అది మెడ చదును చేసి, తల కాస్త పైకెత్తి బుస కొడుతుంది. కొంగలాంటి శత్రువు ముందు ఆ నాటకం పనికొస్తుందేమో గానీ కర్ర పట్టుకున్న మనిషి ముందు ఆడితే ప్రాణం పోతుంది. నాగుపాము ఒంటి ముందు భాగాన్ని బాగా ఎత్తి నిలబెడుతుంది, దాని పొలుసులు నున్నగా మెరుస్తాయి. నీరుకట్టె ఒళ్లు కాస్త గరుకు, దాని మీద చదరంగం గళ్లలా నల్ల మచ్చలు, కంటి కింద ఒకటి, వెనక ఒకటి ఏటవాలుగా రెండు నల్ల గీతలు. ఆ గీతలే అసలు గుర్తు. (ఫోన్ పట్టుకుని దగ్గరికి పోకండి, జూమ్ ఉంది కదా.)

విషం లేదు కదా అని సాధుజీవి అనుకునేరు! పట్టుకుంటే ఠక్కున కరుస్తుంది, రక్తం కూడా వస్తుంది.

ఇంతకీ సెల్లార్‌లోకి ఎలా వచ్చింది? చెరువులు, కుంటలు, వరి మళ్లు, కాలువలు దాని ఇళ్లు, చేపలు, కప్పలు దాని తిండి. మన ఊరివి గొలుసుకట్టు చెరువులు, ఒకటి నిండి అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఆ దారుల్లోనే ఇప్పుడు కాలనీలున్నాయి, కాబట్టి 2020 అక్టోబర్ లాంటి వానలొస్తే నీళ్లు పాత దారినే వెతుక్కుంటాయి, కప్పలూ వాటి వెనకే పామూ వస్తాయి. మురికి నాలాల్లోనూ కప్పలు దొరికినంత కాలం ఇది బతికేస్తుంది. గుడ్లు మాత్రం నీళ్లలో పెట్టదు, ఒడ్డున బొరియల్లో పదుల సంఖ్యలో పెట్టి, తల్లి వాటి దగ్గరే కాపలా ఉంటుంది. చెరువు చుట్టూ సిమెంటు గోడ కట్టి వాకింగ్ ట్రాక్ వేసి 'సుందరీకరణ' అంటారే, నా లెక్కలో ఈ పాముకు మురికి కన్నా అదే పెద్ద దెబ్బ.

కనిపిస్తే పిల్లల్ని, కుక్కల్ని దూరం పెట్టి పాముల్ని పట్టి కాపాడే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి వాళ్లకు ఫోన్ చేయండి. కరిచింది నీరుకట్టెనో కాదో ఏ మాత్రం అనుమానం ఉన్నా కట్లూ కోతలూ మానేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.