కత్తెర పురుగు: చేలో వినే మాటలు, అసలు సంగతులు

లావేరు, రణస్థలం, చీపురుపల్లి వైపు మొక్కజొన్న వేసే రైతులతోనే నా పని. మొక్కజొన్నను తినే కత్తెర పురుగు గురించి ఏటా ఈ మాటలే వినపడతాయి.

అపోహ: ఇది మన పాత లద్దె పురుగే.

కాదు. ఇది అమెరికా ఖండాల పురుగు. 2016లో ఆఫ్రికాలో, 2018 మేలో కర్ణాటకలో కనబడింది. ఆ ఏడాదే మన రాష్ట్రానికీ వచ్చేసింది. దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో సుమారు వంద కిలోమీటర్లు ఎగిరిపోగలదు. లద్దె తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు ఉంటే ఇదే.

అపోహ: పురుగు బాగా కనబడ్డాక గట్టి మందు కొడితే చాలు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఆకు మీద నూగు కప్పిన గుడ్ల గుంపులు చూసిన వెంటనే నలిపేయండి. 1500 పీపీఎం గాఢత ఉన్న వేపమందు లీటరుకు 5 మి.లీ. కొట్టండి. పిల్ల పురుగులు ఆకుల్ని గీకి తింటే తెల్లటి మచ్చలు పడతాయి. ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందు లీటరుకు 0.4 గ్రాములు వాడాల్సింది అప్పుడే, అదీ సాయంత్రం పూట, సుడి (మొక్క నడిమి ఆకుల చుట్ట) తడిసేలా. పెద్దదయ్యాక పురుగు సుడిలో దూరి, రంపపు పొట్టులాంటి తన రెట్టతోనే పైన మూసేసుకుంటుంది. ఇక మందు దానికి తగలదు. అప్పుడు విషపు ఎర ఒక్కటే దారి. ఎకరానికి 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం తగినన్ని నీళ్లతో కలిపి ఒక రోజు పులియనివ్వాలి. వేసే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ అనే పురుగుమందు కలిపి సుడుల్లో వేయాలి. చేతికి తొడుగు తప్పనిసరి. పశువుల్ని ఆ చేలోకి అస్సలు తోలకండి.

అపోహ: లింగాకర్షక బుట్టలు పెట్టాం, టెన్షన్ లేదు.

ఈ బుట్టలు ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పిస్తాయి, అందుకే వాటిలో పడేవి మగ పురుగులే. ఎకరానికి నాలుగైదు పెడితే పురుగు వచ్చిందో లేదో తెలుస్తుంది. బుట్టలో పడ్డాయంటే చేలోకి దిగి ఆకులు తిప్పి చూడాలి.

అపోహ: ఆకులు చిల్లులు పడ్డాయంటే పంట పోయినట్టే.

నన్ను బాగా బాధపెట్టే మాట ఇది, భయంతో లేత పైరు దున్నేస్తారు కాబట్టి. మొవ్వు బతికి ఉంటే మొక్కజొన్న తేరుకుంటుంది. పాత చిల్లులు కాదు, కొత్తగా వచ్చే ఆకు చూడండి.

అపోహ: మొక్కజొన్న మానేస్తే పీడ పోతుంది.

జొన్న, చెరకు, చోడి కూడా తింటుంది. పంట మానేయడం కాదు, కోత అయ్యాక లోతుగా దున్నితే మట్టిలోని కోశాలు (లద్దె రెక్కల పురుగుగా మారే ముందు దశ) బయటపడి ఎండకు, పక్షులకు దొరుకుతాయి.