సకినాల పిండి, చిటికెన వేలు

హనుమకొండ,
జనవరి 5

బుజ్జీ,

నువ్వు గిటార్ మీద బ్లూస్ వాయిస్తూ పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. ఎనిమిది బార్లు, అంటే నాలుగేసి దెబ్బల ముక్కలు, హాయిగా నడిపావు. తొమ్మిదో బార్ రాగానే నీ ముఖం పచ్చి చింతకాయ కొరికినట్టు అయింది, గిటార్ మూగబోయింది. కింద నీ ప్రశ్న: "తాతా, నా చిటికెన వేలు పొట్టిది. నాకు బ్లూస్ రాదా?" దాని కింద నీ తమ్ముడు ఆరు నవ్వే బొమ్మలు పెట్టాడు. వాడి సంగతి పండక్కి వచ్చినప్పుడు చూసుకుంటాను.

ఫోన్‌లో చెబుదామనుకున్నాను. వేళ్ళ సంగతి ఫోన్‌లో చెబితే నీకు అర్థం కాదు, నాకు కోపం వస్తుంది. అందుకే ఈ ఉత్తరం. నీ దోస్తులు ఇద్దరు కూడా నేర్చుకుంటున్నారన్నావు కదా, వాళ్ళకూ చదివి వినిపించు.

ముందు నీ కష్టం ఎక్కడుందో చూద్దాం. నువ్వు ‘ఈ’ (E) శ్రుతిలో వాయిస్తున్నావు. ‘ఈ’ (E) దగ్గర ఆరో తీగ ఊరికే మోగుతుంది, చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్ (మెడ మీది మెట్టు) మీద, ఉంగరపు వేలు నాలుగో ఫ్రెట్ మీదికి వెళ్ళి వస్తుంది. ‘ఏ’ (A) దగ్గరా అంతే, ఒక తీగ కిందికి జరిగావు. బ్లూస్ ఒక చుట్టుకు ఉండే పన్నెండు బార్లలో ఎక్కువ భాగం ఈ రెండే. తొమ్మిదో బార్‌లో ‘బీ’ (B) వస్తుంది. అక్కడ ఊరికే మోగే తీగ దొరకదు. చూపుడు వేలు ఐదో తీగ రెండో ఫ్రెట్‌ను నొక్కిపెట్టాలి, ఉంగరపు వేలు నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ మీద ఉండాలి, చిటికెన వేలు అదే తీగ మీద ఆరో ఫ్రెట్ దాకా వెళ్ళి రావాలి. స్కేలు పెట్టి కొలిచాను. నీలాంటి పెద్ద గిటార్ మీద రెండో ఫ్రెట్ నుంచి ఆరో ఫ్రెట్‌కు దాదాపు 12 సెంటీమీటర్లు. పెద్దవాళ్ళకే అది కష్టం. నీ వేలు తప్పేమీ లేదు.

ఇప్పుడు సకినాల దగ్గరికి వస్తాను. నవ్వకు.

మా ఊళ్ళో, అంటే పరకాల దగ్గర, సంక్రాంతికి వారం ముందు మా అవ్వ నానబెట్టిన బియ్యం దంచి, జల్లించి, నువ్వులూ వామూ ఉప్పూ వేసి పిండి కలిపేది. ఆరిపోకుండా దాని మీద తడిగుడ్డ. వాకిట్లో బాపు పాత పంచె పరిచి, వాడకట్టు ఆడవాళ్ళంతా చుట్టూ కూచుని సకినాలు చుట్టేవారు. మగపిల్లలకు ఆ పని చెప్పేవారు కాదు. నేనే పట్టుబట్టి కూచున్నాను, ఎనిమిదేళ్ళుంటాయేమో. పిండి తీసుకుని మెలిపెట్టాను, తెగింది. ఇంకా గట్టిగా పట్టాను, ఇంకా తెగింది. మా అవ్వ చేతిలో మాత్రం పిండి తాడులా జారుతూ ఒకటి, రెండు, మూడు చుట్లు తిరిగిపోయేది. ఆమె వేళ్ళు నా వేళ్ళకన్నా పొడవని నాకు గట్టి నమ్మకం. కానీ పక్కనున్న పెద్దవ్వ వేళ్ళు వంకర తిరిగి, పొట్టిగా అల్లం కొమ్ముల్లా ఉండేవి. ఆమె సకినాలే అందరికన్నా గుండ్రంగా వచ్చేవి.

నేను ఏడుపు ముఖం పెడితే అవ్వ నా మోచేతిని తట్టి, "గిది పక్కకు అంటుకపోయింది సూడు. గిది ఇడిస్తెనే చెయ్యి తిరుగుతది" అంది. మోచేయి పొట్టకు ఆనించి, ఉన్న తిప్పలన్నీ వేళ్ళకు పెట్టాను. మోచేయి వదిలితే చేయి దానంతటదే గుండ్రంగా పోయింది. వేళ్ళు చేసేది మెలిపెట్టడం ఒక్కటే, చుట్టు తిప్పేది చేయి. మొదటి సకినం కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది గానీ తెగలేదు.

నీ వీడియోలో నేను చూసింది అదే. నీ ఎడమ మోచేయి పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంది. గిటార్ మెడ నేలకేసి వాలింది. బొటనవేలు మెడ మీది నుంచి పైకి తొంగి చూస్తోంది, అరచేయి మెడను వాటేసుకుంది. తీగను వంచి సాగదీసేటప్పుడు బ్లూస్ వాళ్ళు అలాగే పట్టుకుంటారు, ఆ పట్టులో తప్పు లేదు. ఈ పనికి మాత్రం అది పనికిరాదు.

ఎందుకో నీ చేతినే అడుగు. ఎడమ చేయి ముందుకు చాచి వేళ్ళు విడదీయి. బాగా విడిపోతాయి. ఇప్పుడు వేళ్ళను తిన్నగానే ఉంచి, అరచేతిని కలిసే కణుపుల దగ్గర మాత్రం గోడమూలలా వంచు. అలా వంచి విడదీయి చూద్దాం. రావు! ఆ కణుపులకు రెండు పక్కలా లిగమెంట్లనే కట్లు ఉంటాయి. వేలు చాచినప్పుడు అవి వదులవుతాయి, వంచినప్పుడు బిగుసుకుంటాయి. అరచేయి మెడను వాటేసుకున్నప్పుడు నీ వేళ్ళు ఆ కణుపుల దగ్గర బాగా వంగి ఉంటాయి. కట్టేసిన మేకను మేతకు రమ్మన్నట్టు, చిటికెన వేలిని ఆరో ఫ్రెట్‌కు రమ్మంటున్నావు.

కాబట్టి గిటార్ మెడను పైకెత్తు, తల భాగం నీ భుజం ఎత్తుకు రావాలి. బెల్టు వేసుకుంటే సులువు, కూచుని వాయించేటప్పుడు కూడా. బొటనవేలిని మెడ వెనక నడుమకు దించు, నడిమి వేలికి ఎదురుగా ఉండాలి. అరచేతికీ మెడకూ మధ్య నిమ్మకాయ పట్టేంత సందు ఉండాలి. మోచేయి కొంచెం ముందుకు వదులు. మణికట్టు మరీ మడతపడితే అదీ తప్పే, వీలైనంత తిన్నగా ఉంచు. ఈ మార్పుతో తేడా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. పెద్దవ్వ నాకు పెద్ద సకినం చుట్టనిచ్చేది కాదు. ముందు రూపాయి బిళ్ళంత ఒక్క చుట్టు, అది వచ్చాక రెండో చుట్టు. నువ్వూ అంతే చేయాలి. గిటార్ మీద ఫ్రెట్లన్నీ ఒకే దూరంలో ఉండవు, గమనించావా? మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 36 మిల్లీమీటర్లు, పన్నెండోది 19. ఒక్కో మెట్టూ ముందుదానికన్నా కొంచెం ఇరుకు, సరిగ్గా పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ సగమవుతుంది. మెట్లు ఇరుకుగా ఉన్నచోట మొదలుపెట్టడానికి కేపో అని తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే చిన్న బిగింపు ఉంది కదా, దాన్ని ఐదో ఫ్రెట్ మీద పెట్టు. పాట ‘ఏ’ (A) శ్రుతిలోకి పోతుంది, నీ వేళ్ళు మాత్రం ఇప్పటిలాగే నడుస్తాయి. 12 సెంటీమీటర్ల ఆ దూరం 9 అవుతుంది. వారం పాటు అక్కడే వాయించు. చేయి నొప్పి లేకుండా ఆడితే మూడో ఫ్రెట్‌కు దించు, అక్కడ 10. ఆ తర్వాత ఒకటి. ఆ తర్వాత కేపో తీసి జేబులో వేసుకో. నెల పడుతుందో రెండు నెలలు పడుతుందో, తేదీలు రాసిపెట్టుకోకు.

చిటికెన వేలు ఆరో ఫ్రెట్‌కు పోయినప్పుడు ఉంగరపు వేలు నాలుగో ఫ్రెట్‌ను అంటిపెట్టుకుని ఉండనక్కరలేదు, వదులుగా ఎగరనీ. అవి రెండూ అన్నదమ్ముల్లాంటివి, వేరుపడవు. అరచేయి బల్ల మీద బోర్లించి, నడిమి వేలిని మడిచి అరచేతి కిందికి తోసి, ఉంగరపు వేలు ఎత్తు. ఎత్తలేవు! చేతి వెనక ఈ వేళ్ళను ఎత్తే టెండన్లనే తాళ్ళు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. నీ తమ్ముడితో కూడా చేయించు. నవ్వే బొమ్మలు పెట్టేవాడికి కాస్త వినయం వస్తుంది.

సకినాల పోలిక ఇంకా సాగదీద్దామనుకున్నాను. తడిగుడ్డ కప్పకపోతే పిండి ఎండి తెగుతుంది కదా, అలాగే జనవరి చలిలో చేతులు గోరువెచ్చని నీళ్ళలో పెట్టుకున్నాకే వాయించాలని రాశాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత చుట్టిన సకినాన్ని నూనెలో వేయించడం గిటార్‌లో దేనికి సమానమని అరగంట ఆలోచించాను. దేనికీ కాదు. సకినం విరిగితే నోట్లో వేసుకోవచ్చు, పోలిక విరిగితే వదిలేయడమే.

నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళప్పుడు కాజీపేటలో ఒక రైలు డ్రైవర్ గారి దగ్గర గిటార్ నేర్చుకున్నాను. ఆయన డ్యూటీ దిగి వచ్చి, బొగ్గు మసి కడుక్కుని, అప్పుడు గిటార్ ముట్టేవారు. ఆయన వేళ్ళు పొడుగు. నావి సాగవేమోనని టెన్షన్ పడి, ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ మధ్య అగ్గిపెట్టె పెట్టి, గుడ్డతో కట్టుకుని పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి వేలు వాచింది. పదిహేను రోజులు గ్లాసు కూడా ఎత్తలేకపోయాను. ఆయన తిట్టలేదు, అగ్గిపెట్టె తీసుకుని బీడీ ముట్టించుకున్నారు. అప్పుడు ఎంత సిగ్గుపడ్డానో! కాబట్టి వేళ్ళు బలవంతంగా సాగదీసే పనులేవీ వద్దు. పది నిమిషాలు వాయించు, చేయి దులుపు, మళ్ళీ పది నిమిషాలు. వేలి కొసలు మండడం మామూలే. మణికట్టు దగ్గరో చేయి లోపలో సలిపినా, తిమ్మిరెక్కినా ఆ రోజుకు గిటార్ సంచిలో పెట్టెయ్యి. తీగలు ఫ్రెట్లకు మరీ ఎత్తుగా ఉన్నాయేమో కూడా బాగుచేసేవాళ్ళకు చూపించమని మీ నాన్నకు చెప్పు. తక్కువ ధర గిటార్లకు ఆ జబ్బు ఉంటుంది.

వేళ్ళ కొసలు మండడమంటే ఒకటి యాదికొచ్చింది. బడికి సెలవులైతే నేను పత్తి ఏరడానికి పోయేవాణ్ణి. విచ్చిన కాయ మెత్తగా కనిపిస్తుంది గానీ, దాని ఎండిన రెక్కలు గోరు పక్కన గుచ్చుకుంటాయి. సాయంత్రానికి పది వేళ్ళూ మండేవి. ఇప్పుడూ ఈ నెలలో ఎనుమాముల మార్కెట్ వైపు పోతే పత్తి బండ్లు బారులు తీరి ఉంటాయి. నువ్వు వాయించే ఈ సంగీతమూ పత్తి చేన్లలోనే పుట్టింది. అమెరికాలో మిసిసిపీ డెల్టా అని ఉంది. 1865లో బానిసత్వం చట్టం ప్రకారం పోయినా, నల్లజాతివాళ్ళు అక్కడే దొరల భూమిలో పాలుకు చేసి, అప్పుల్లో మునిగి పత్తి ఏరారు. చేనులో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు, మన నాట్ల పాటల్లాగే. బ్లూస్‌లో ఒక చరణం రెండుసార్లు పాడి, మూడోదానితో జవాబు చెప్పడంలో ఆ చేను వాసన ఉంది. నీకు సంగీతం టీచర్ ‘గ’ స్వరంలో తక్కువదైన సాధారణ గాంధారం, ఎక్కువదైన అంతర గాంధారం నేర్పారు కదా. బ్లూస్ గాయకులు ఆ రెండింటి నడుమ ఎక్కడో నిలబడి పాడతారు. మెట్టు లేని చోట నిలబడడం! అది ఎలాగో నాకు ఇప్పటికీ వింతే.

ఆ వాయించినవాళ్ళందరి వేళ్ళూ పొడుగనుకోకు. పాత బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ ఫోటోలో వేళ్ళు సన్నగా పొడుగ్గా ఉన్న మాట నిజమే. కానీ వేలికి సీసా మెడ తొడుక్కుని తీగ మీద జార్చినవాళ్ళున్నారు. దానికి చాపడమే అక్కర్లేదు. మెంఫిస్ మిన్నీ అనే ఆవిడ 1929 నుంచి రికార్డులు ఇచ్చింది, గిటార్ తానే వాయించుకుంటూ. బ్లూస్ కాదు గానీ జాంగో రైన్‌హార్ట్ అని ఒకాయన ఉన్నాడు. 1928లో ఆయన బండికి నిప్పంటుకుని ఎడమ చేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు దెబ్బతిన్నాయి. మిగిలిన రెండు వేళ్ళతో ఆయన పరుగులు వింటే నీ పొట్టి వేలు సిగ్గుపడి దాక్కుంటుంది. ఎదుటివాళ్ళ చేతులు చూసి మన చేతులను తిట్టుకోవడం నాకు నచ్చదు బిడ్డా. నేనూ అదే చేశానని చెప్పానుగా.

ఇంకా రాకపోతే తొమ్మిదో బార్‌లో బీ సెవెన్ (B7) అనే కార్డ్, అంటే కలిపి మోగే స్వరాల గుంపు, పట్టు. నాలుగు వేళ్ళూ మొదటి రెండు ఫ్రెట్లలోనే సర్దుకుంటాయి. పాత బ్లూస్ వాళ్ళు ఎందరో అలాగే పట్టారు, అందులో మోసమేమీ లేదు.

భోగికి ముందురోజు మీరు వస్తున్నారుగా. నానమ్మ ఈసారి మూడు కిలోల బియ్యం నానబెడతానంటోంది. గిటార్ తీసుకురా, కేపో మరచిపోకు. వచ్చిన వెంటనే చేతులు కడుక్కుని, పంచె అంచు దగ్గర నానమ్మకు ఎదురుగా కూచో. పిండి ముట్టుకోకు. ఆమె వేళ్ళ వంక చూడకు. మోచేయి ఎక్కడుందో, ఎలా కదులుతుందో ఒక ఇరవై సకినాలు అయ్యేదాకా చూడు.

మీ తాత