ముక్క తీసేసి పులుసు పోస్తున్నారా? పెద్దవాళ్ల మాంసాహారం: అపోహలు - వాస్తవాలు

మా నాన్నమ్మ చివరి మూడు నాలుగేళ్లు మటన్ ముక్కను నోట్లో వేసుకుని, రసం పీల్చుకుని, పిప్పిని కంచం అంచున పెట్టేది. "నాకు అరగట్లేదమ్మా" అనేది మా అమ్మతో. మేమూ అదే నిజమనుకుని, కొన్నాళ్లకు ఆవిడకు పులుసు మాత్రమే పోయడం మొదలుపెట్టాం. అప్పటికి నేను డైటీషియన్‌ని కాదు. ఆవిడకు అరగకపోవడం కాదు, నమలలేకపోవడమే అసలు బాధ అని ఇప్పుడు అర్థమవుతోంది. నా దగ్గరికి వచ్చే చాలా కుటుంబాల్లో ఇప్పటికీ ఇదే జరుగుతోంది.

అపోహ: వయసు మీద పడ్డాక మాంసం అరగదు, మానేయడమే మంచిది

వయసుతో కొందరికి కడుపులో ఆమ్లం తగ్గే మాట నిజమే. కానీ ఎక్కువమందికి ఇబ్బంది కడుపులో కాదు, నోట్లో మొదలవుతుంది. పళ్లు ఊడిపోవడం, కట్టుడు పళ్లు వదులవడం, కొన్ని రకాల మందుల వల్ల లాలాజలం తగ్గి నోరు ఎండిపోవడం. నలగని ముక్కను అలాగే మింగేస్తే, జీర్ణరసాలు దాన్ని పైపై నుంచే కరిగించుకుంటూ రావాలి. దానికి చాలా టైమ్ పడుతుంది. దానిమీద వేళ్లమందం తేలే నూనె తోడైతే కడుపు ఇంకా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. సాయంత్రం దాకా బరువుగా అనిపిస్తే తప్పంతా మాంసం మీదకు పోతుంది.

2013లో వెలువడిన ఒక నెదర్లాండ్స్ పరిశోధనలో వయసు మళ్లిన మగవాళ్లకు గొడ్డు మాంసాన్ని ముక్కగానూ, కైమాగానూ పెట్టి చూశారు. కైమాగా తిన్నప్పుడు అందులోని ప్రోటీన్ త్వరగా జీర్ణమై రక్తంలో చేరింది. మాంసం అదే, మారింది ముక్క సైజు మాత్రమే.

మానేస్తే పోయేదేమిటో కూడా చూడండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం వయోజనులకు రోజూ కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వృద్ధుల ఆరోగ్యం మీద పనిచేసే నిపుణులు చాలామంది 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలంటారు. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. కప్పు అన్నంలో నాలుగైదు గ్రాములకు మించి రాదు. ప్రోటీన్ తగ్గితే తొడల్లో కండ కరుగుతుంది, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనాల్సి వస్తుంది, బాత్‌రూమ్‌లో పడిపోవడం దాకా వెళ్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లు డాక్టర్ చెప్పిన మోతాదే పాటించాలి.

అపోహ: బలమంతా సూప్‌లోకి దిగిపోతుంది, ముక్క తినకపోయినా ఫర్వాలేదు

ఇంతగా నాటుకుపోయిన నమ్మకం మరొకటి లేదు. బొక్కల సూప్ రుచిగా ఉంటుంది, ఆకలి పుట్టిస్తుంది, జ్వరం తగ్గిన మనిషికి హాయినిస్తుంది. కానీ ప్రోటీన్‌లో ఎక్కువ భాగం ముక్కలోనే ఉండిపోతుంది. పాయా చల్లారాక జెల్లీలా గట్టిపడేది జెలాటిన్ వల్ల. అది ప్రోటీనే అయినా, అందులో ట్రిప్టోఫాన్ అనే తప్పనిసరి అమైనో ఆమ్లం ఉండదు. కాబట్టి దాన్నే నమ్ముకుంటే కండకు చాలదు.

ఇంకో సంగతి చెప్పాలి. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకు బలం రావాలని ఇంట్లోవాళ్లు రోజూ పల్చటి మటన్ సూప్ పట్టేవారు. తాగిన ప్రతిసారీ ఆయనకు పొలమారేది. "సూప్ కూడా మింగలేకపోతున్నాడు, ఇక ముక్కేం తింటాడు" అనుకున్నారు. నిజానికి మింగే శక్తి తగ్గినవాళ్లకు అన్నింటికన్నా కష్టమైనవి నీళ్లలాంటి పల్చటివే. గొంతు సర్దుకునేలోపే జారిపోయి శ్వాసనాళంలోకి వెళ్తాయి. మింగే పరీక్ష చేయించాక, అదే మటన్‌ను మెత్తటి చిక్కటి గుజ్జుగా చేసి చెంచాతో పెడితే ఆయన నెమ్మదిగా తినగలిగారు.

అపోహ: విజిల్స్ ఎన్ని ఎక్కువైతే ముక్క అంత మెత్తన

మాంసంలో రెండు వేరు వేరు పదార్థాలు ఉంటాయి. ఒకటి కండ పీచు, రెండోది ఆ పీచును కట్టలుగా పట్టి ఉంచే కొలాజెన్. వేడి తగిలేకొద్దీ పీచు నీళ్లు వదిలి గట్టిపడుతుంది. కొలాజెన్ మాత్రం తడిలో, వేడిలో చాలాసేపు ఉంటే జెలాటిన్‌గా కరిగి మెత్తబడుతుంది. ఏ మాంసంలో ఏది ఎక్కువో దాన్నిబట్టి వంట మారాలి.

మేక తొడ, భుజం, నాటుకోడి వంటి వాటిలో కొలాజెన్ గట్టిగా ఉంటుంది. వీటికి టైమ్ ఇవ్వాల్సిందే. కుక్కర్ లోపల వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి పని త్వరగా అవుతుంది. ఒక విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి అరగంట ఉంచండి, ఆవిరి దానంతట అదే పోనివ్వండి.

బ్రాయిలర్ కోడి ఆరు వారాల పిల్ల. దానికి అంత కొలాజెన్ ఉండదు. ఆరు విజిల్స్ పెడితే బ్రెస్ట్ ముక్క కొబ్బరి పీచులా విడిపోతుంది, నోట్లో తిరుగుతూనే ఉంటుంది, మింగుడు పడదు. పెద్దవాళ్లకు బ్రెస్ట్ కన్నా తొడ ముక్క నయం. ఎముక తీయించి, పీచుకు అడ్డంగా సన్నగా కోసి, పులుసులో పూర్తిగా ఉడికేవరకే ఉంచండి. అడ్డంగా కోయడం చిన్న పనే. కానీ పళ్లు చేయాల్సిన పనిలో సగం కత్తే చేసేస్తుంది.

ఉప్పు కూడా కూరకు వేయాల్సిన దాన్నే గంట ముందు పట్టించండి, ముక్క తేమను పట్టి ఉంచుకుంటుంది. అదనంగా వేయకండి.

అపోహ: పచ్చి బొప్పాయి ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది

పచ్చి బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ నిజంగానే మాంసం ప్రోటీన్‌ను కోస్తుంది. కానీ అది ముక్క లోపలికి పెద్దగా దిగదు. ఎక్కువ వేస్తే పైభాగం పిండిలా జిగురుగా అయి, లోపల గట్టిగానే మిగులుతుంది. అరకిలోకు ఒక చెంచా గుజ్జు, సన్నటి ముక్కలకు అరగంట నుంచి గంట చాలు. పండిన బొప్పాయిలో పపైన్ బాగా తక్కువ, దానితో ఈ పని జరగదు. పెరుగు నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి పొరపాటుకు ఆస్కారం తక్కువ. రాత్రి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. వంట సోడా కూడా మెత్తబరుస్తుంది గానీ, బీపీ ఉన్నవాళ్లకు ఆ సోడియం ఎందుకు?

అపోహ: మిక్సీ పట్టేస్తే ఇక భయం లేదు

పొడిపొడిగా వేయించిన కైమా నమలలేనివాళ్లకు ముక్క కన్నా ప్రమాదం. రవ్వలా చెదిరి గొంతులో అక్కడక్కడా అంటుకుంటుంది. మెత్తదనంతో పాటు తడి ఉండాలి, ఒక ముద్దగా కలిసి ఉండాలి. మింగే ఇబ్బంది ఉన్నవాళ్ల ఆహారానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలమానం ఉంది. దాని ప్రకారం పెద్దవాళ్లకు పెట్టే తడి కైమాలో రేణువు 4 మిల్లీమీటర్లకు, మెత్తటి ముక్క అయితే ఒకటిన్నర సెంటీమీటర్లకు మించకూడదు. ఆ ముక్కను ఫోర్క్‌తో, బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కితే నలగాలి, వదిలాక మళ్లీ పైకి లేవకూడదు. నేను ప్రతి ఇంటికీ ఈ పరీక్ష నేర్పుతాను.

కైమాకు కొట్టులో బోన్‌లెస్ అడిగి రెండుసార్లు పట్టించండి. కత్తితో కొట్టిన మాంసంలో ఎముక పెచ్చులు మిగిలిపోతాయి.

తడి ఎలా తేవాలో మన వంటలకు ఎప్పుడో తెలుసు. సొరకాయ వేసిన మాంసం, హైదరాబాద్ దాల్చా, చుక్కకూర కైమా. అన్నింటికన్నా హలీమ్ చూడండి. మాంసాన్ని గోధుమలతో గంటల తరబడి ఉడికించి, ఘోట్ని అనే పెద్ద కర్ర రోకలితో పీచు పీచు విడిపోయేలా దంచుతారు. పళ్లు లేని మనిషి కూడా తినగల మాంసం వంట అది! ఇంట్లో నెయ్యి తగ్గించి, పైన వేయించిన ఉల్లిపాయ, జీడిపప్పు లేకుండా, కాస్త పల్చగా వండితే సరిపోతుంది. మరీ బంకగా ఉంటే అంగిలికి అంటుకుంటుంది, జాగ్రత్త.

అపోహ: సాసేజ్, నగ్గెట్స్ ఎలాగూ మెత్తగా ఉంటాయి, వాటినే పెట్టొచ్చు

విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల విషయంలో ఈ ప్రశ్న ఎక్కువగా వస్తోంది. సాసేజ్ చూడటానికి మెత్తన. కానీ పైతొక్క సాగుతుంది, గుండ్రంగా కోసిన ముక్క సరిగ్గా గొంతుకు మూతలా పడుతుంది. చాలా రకాల్లో 100 గ్రాములకు 600 నుంచి 1000 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2000 మిల్లీగ్రాములు. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని తగిన ఆధారాలున్న వాటిలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది.

ఎప్పుడో ఒకసారి తినాలనిపిస్తే, ఉడికించి ఆ నీళ్లు పారబోసి, తొక్క తీసి, నిలువునా చీల్చి, సన్నగా తరిగి ఉడికిన బంగాళాదుంపలోనో గుడ్డులోనో కలిపి పెట్టండి. నగ్గెట్ పైన కరకరలాడే పొర కూడా తీసేయాలి.

అపోహ: తినేటప్పుడు దగ్గు మామూలే

కాదు. రోజూ తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు తడిగా గురగురమనడం, ముద్ద బుగ్గలో ఉండిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం. ఇవి మింగే సమస్యకు గుర్తులు. పెద్ద ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టులే మింగే పరీక్ష కూడా చేస్తారు, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఆ పరీక్ష అయ్యేదాకా పొలమారిన పదార్థాన్ని మళ్లీ పెట్టకండి. మంచం మీద పడుకోబెట్టి కాకుండా నిటారుగా కూర్చోబెట్టి, సగం చెంచా చొప్పున పెట్టండి. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వండి.