నాలుక పిడచగట్టుకుపోతుంటే ముందు చూడాల్సింది మందుల చీటీ

నోరెండిపోతోందని ఎవరన్నా అంటే వెంటనే వచ్చే సలహా నీళ్లు బాగా తాగమని. ఎండన పడి వచ్చినవాళ్లకో, విరేచనాలతో నీరసపడ్డవాళ్లకో అది సరిపోతుంది. నెలల తరబడి నాలుక అంగిలికి అంటుకుపోతూ, పప్పు కలిపిన ముద్ద కూడా నీళ్లు తాగితే తప్ప దిగకపోతే మాత్రం సంగతి వేరు. లోటు ఒంట్లో నీళ్లది కాకపోవచ్చు. లాలాజలం ఊరడమే తగ్గి ఉండొచ్చు. అలా తగ్గడానికి ఎక్కువమందిలో కారణం రోజూ వేసుకునే మాత్రలే.

మామూలుగా మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో ఎక్కువ భాగం మూడు జతల గ్రంథుల నుంచి వస్తుంది. గవదబిళ్లలప్పుడు వాచే చెవి ముందరి గ్రంథి ఒక జత, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. ఏమీ తినకుండా ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3 నుంచి 0.4 మి.లీ. వస్తుంది, నిద్రలో దాదాపు ఆగిపోతుంది. ఎవరి మామూలు ఊటలో వాళ్లకు సగం తగ్గేసరికి నోరెండినట్టు తెలుస్తుంది.

నిజంగా తగ్గిందో లేదో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. తిని, తాగి, పళ్లు తోముకుని కనీసం గంటన్నా గడవాలి. తల కొంచెం ముందుకు వంచి కూర్చుని, మాట్లాడకుండా, మింగకుండా, నోట్లో చేరినదాన్ని 15 నిమిషాల పాటు చిన్న కప్పులో ఉమ్మాలి. బలవంతంగా చప్పరించి లాగితే లెక్క తప్పుతుంది. నురగ అణిగాక సూదిలేని 5 మి.లీ. సిరంజిలోకి పీల్చి చూడాలి. 1.5 మి.లీ. కంటే తక్కువుంటే ఊట బాగా పడిపోయినట్టే. కొందరికి ఊట సరిగ్గానే ఉండి కూడా నోరు ఎండినట్టు అనిపిస్తుంది. ముక్కు దిబ్బడ వల్ల నోటితో గాలి పీల్చేవాళ్లు, తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు.

మాత్రలు నోటిని ఎలా ఎండగడతాయో మన పల్లె ఆసుపత్రుల్లో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి పోయినవాళ్లకు చొంగ ఆగకుండా కారుతుంది. లాలాజల గ్రంథులకు నరాలు అసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో ఆజ్ఞ పంపుతాయి, పురుగుమందు దాన్ని విరగకుండా పోగుపడేలా చేస్తుంది. డాక్టర్లు అట్రోపిన్ ఎక్కించగానే ఆ ఆజ్ఞ గ్రంథికి చేరడం ఆగిపోయి నోరు ఎండిపోతుంది. ఉమ్మెత్త కాయ తిన్నవాళ్లకు గొంతు తడారిపోయేదీ ఇందుకే, అందులోనూ అట్రోపినే ఉంటుంది. మనం నిత్యం వాడే మందుల్లో చాలావాటికి ఈ అట్రోపిన్ గుణం ఎంతో కొంత ఉంది. షుగరు వల్ల పాదాలు మండుతుంటే, మైగ్రేన్ వస్తుంటే రాసే అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే ఆక్సిబ్యుటినిన్, సోలిఫెనాసిన్, వణుకుడు తగ్గడానికిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, ఆయాసానికి పీల్చే టియోట్రోపియం అన్నీ ఆ బాపతే. బీపీకి వాడే క్లోనిడిన్, నీరు తీసే ఫ్రూసెమైడ్, నొప్పికి వాడే ట్రమడాల్ వేరే దారుల్లో అదే పని చేస్తాయి.

ఒక్కో మందు డోసు చిన్నదే కావచ్చు, చిక్కంతా కూడికలో ఉంది. అరవై దాటినవాళ్లకు షుగరు డాక్టరు ఒకటి, నరాల డాక్టరు ఒకటి, మూత్రం సమస్యకు ఇంకొకరు మరొకటి రాస్తారు. జలుబు మాత్ర మందుల షాపులో అడిగి తెచ్చుకున్నది. ఈ నాలుగూ కలిసి చేసిన పనిని ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్లకు నోరు ఇంతగా ఎండదు.

కాబట్టి వాడుతున్న స్ట్రిప్పులన్నీ, చుక్కల మందులతో సహా, ఒక సంచిలో వేసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టాలి. నోరెండడం ఎప్పుడు మొదలైందో, దానికి ముందు ఏ మందు కొత్తగా చేరిందో చెప్పగలిగితే సగం పని అయినట్టే. మందు మార్చొచ్చు, డోసు తగ్గించొచ్చు, కొన్నిటిని రాత్రి బదులు పొద్దున వేసుకోమనొచ్చు. సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం. క్లోనిడిన్ ఠక్కున ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

మందులేమీ వాడనివాళ్లు ముందు షుగరు పరీక్ష చేయించుకోవాలి. రక్తంలో గ్లూకోజు 180 మి.గ్రా. దాటాక మూత్రంలోకి పోతూ నీటిని వెంట తీసుకుపోతుంది. నోరెండడంతో పాటు మాటిమాటికీ మూత్రానికి వెళుతుంటే అనుమానం దీని మీదే. తెల్లారి లేచేసరికి మాత్రమే ఎండి ఉంటే ముక్కు దిబ్బడో, గురకో చూసుకోవాలి.

నోటితో పాటు కళ్లు కూడా ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంటే షోగ్రెన్ జబ్బు గుర్తుకు రావాలి. స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీన్ని వివరించాడు. ఒంటి రక్షణ వ్యవస్థే లాలాజల గ్రంథుల మీదా, కన్నీటి గ్రంథుల మీదా దాడి చేస్తుంది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువగా నడివయసువాళ్లు. కింది రెప్పకు తగిలించిన కాగితపు పట్టీ ఐదు నిమిషాల్లో 5 మి.మీ. కూడా తడవకపోవడం, రక్తంలో యాంటీ-రో అనే, సొంత ఒంటి మీదికే తిరగబడే యాంటీబాడీలు, కింది పెదవి లోపలి నుంచి తీసిన చిన్న ముక్క పరీక్ష దీన్ని పట్టిస్తాయి. చెవి ముందు వాపు తగ్గకుండా ఉండిపోతే అశ్రద్ధ చేయకూడదు, ఈ జబ్బున్న కొందరికి లింఫోమా అనే క్యాన్సరు వస్తుంది. నోరు, గొంతు క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో గ్రంథులే దెబ్బతింటాయి. చెవి ముందరి గవద గ్రంథికి సగటున 26 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) లోపే తగిలేలా చూస్తే ఊట కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

కారణం తేలేదాకా పళ్లను కాపాడుకోవాలి. ఉమ్మి లేని నోట్లో ఆమ్లాన్ని కడిగేది ఉండదు, చిగుళ్ల అంచున, వేళ్ల దగ్గర పళ్లు వరసగా పుచ్చిపోతాయి. నిమ్మ చెక్క, పుల్ల చాక్లెట్టు చప్పరిస్తే నోరూరుతుంది గానీ ఆ పులుపే పంటిని తినేస్తుంది. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న, చక్కెర లేని చూయింగ్ గమ్ మేలు. ఆల్కహాలు లేని మౌత్‌వాష్, ఫ్లోరైడ్ పేస్టు వాడి, తోమాక నురగ ఉమ్మేసి నీళ్లతో పుక్కిలించకుండా వదిలేయాలి. పెదవి మూలలు చీలినా, నాలుక ఎర్రబడి మండినా ఫంగస్ చేరిందేమో చూపించుకోవాలి. గ్రంథుల్లో కొంతన్నా ఊట మిగిలినవాళ్లకు ఊటను పెంచే పైలోకార్పిన్ 5 మి.గ్రా. మాత్ర రోజుకు మూడుసార్లు ఇస్తారు. చెమటలు బాగా పోస్తాయి, ఆయాసం అదుపులో లేనివాళ్లకు పనికిరాదు.

గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. ఎండిన నోట్లో ఆ మాత్ర త్వరగా కరగదు. ముందు ఒక గుక్క నీళ్లతో నాలుక కింద తడిచేసుకుని, తర్వాతే మాత్ర పెట్టుకోవాలి.