చీకటి పడ్డాక గూటి దగ్గర కూర్చోండి

కోడికి జబ్బు చేసిందని పగలు చూసి చెప్పడం కష్టం. నలతగా కనిపిస్తే తోటి కోళ్లే పొడుస్తాయి, గద్ద కన్నూ దాని మీదే పడుతుంది. అందుకే ఒంట్లో బాగోలేకపోయినా, గింజలు చల్లగానే అన్నిటితో పాటు పరుగెత్తుకొస్తుంది. ఆ దాపరికం సడలేది రాత్రి, గూట్లో సర్దుకున్నాకే. నేను చీకటి పడ్డాక లైటు వేయకుండా గూటి పక్కన ఐదు నిమిషాలు కూర్చుంటాను. ఆరోగ్యంగా ఉన్న కోడి నిద్రలో ఊపిరి పీలిస్తే చప్పుడు ఉండదు. ఆ నిశ్శబ్దంలో సన్నటి గురగుర వినిపిస్తే, ఆ పెట్టను మెల్లిగా తీసి దాని వీపు దగ్గర చెవి పెడతాను. లోపల నీటి బుడగలు చిట్లుతున్నట్టు ఉంటే అది ఊపిరి జబ్బే, సందేహం అక్కర్లేదు.

ఒకటి గుర్తుంచుకోండి, ఎత్తుకున్నప్పుడు రొమ్ము గట్టిగా పట్టుకోకూడదు. కోడికి మనలా డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండర పొర) ఉండదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే గాలి ఆడుతుంది. దాని ఊపిరితిత్తులు చిన్నవి, పక్కటెముకలకు అతుక్కుని దాదాపు కదలకుండా ఉంటాయి. కొలిమి తిత్తుల్లా గాలిని ఆడించేవి వేరే ఉన్నాయి. వాటినే గాలి సంచులు అంటారు. మెడ దగ్గర నుంచి పొత్తికడుపు దాకా పరుచుకుని, కొన్ని ఎముకల్లోకి కూడా చొచ్చుకుపోతాయి. వీటి గోడలు బాగా పల్చన, రక్తనాళాలు చాలా తక్కువ. జబ్బు అక్కడిదాకా దిగితే రక్తంతో పాటు వెళ్లాల్సిన మందు సరిగా చేరదు. అందుకే మొదటి గురగురకే ఇంత విలువ.

మిట్టమధ్యాహ్నం కోళ్లన్నీ నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంటే అది ఎండ దెబ్బ, నీడా నీళ్లూ చూడండి. చల్లటి వేళలో ఒకటో రెండో మెడ చాచి నోరు తెరిస్తే అది జబ్బు.

ఏ జబ్బన్నదే అసలు చిక్కు. కంట్లో నురగ, ముక్కు కారడం, వారాల తరబడి వదలని గురక ఉంటే ఎక్కువగా మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా జబ్బు. ముఖం ఒకవైపు ఉబ్బి, ముక్కు దగ్గర కుళ్లు వాసన వస్తే కొరైజా. తుమ్ములతో పాటు గుడ్లు తగ్గి, పెంకు ముడతలు పడి, తెల్లసొన నీళ్లలా జారితే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్. దీనికి కారణం ఒక కరోనా వైరస్. మెడ తిరిగిపోవడం, పచ్చటి విరేచనాలు కొక్కెర తెగులు గుర్తులు. బూజు పట్టిన ఊక, గడ్డి వేసిన గూట్లో పిల్లలు చప్పుడు లేకుండా ఆయాసపడితే ఫంగస్‌ను అనుమానించాలి. ఇవి కూడా ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. చూపుతోనే ఖాయం చేయడం పశువైద్యులకే కష్టం.

అందుకే తుమ్ము వినగానే చేతికందిన యాంటీబయాటిక్ నీళ్లలో కలిపేయడం నాకు బాధ కలిగిస్తుంది. వైరస్‌ల మీద, ఫంగస్ మీద అది పనిచేయదు. మైకోప్లాస్మా బ్యాక్టీరియానే అయినా దానికి కణ గోడ ఉండదు, కణ గోడను దెబ్బతీసే పెన్సిలిన్ దానినేం చేయలేదు. టైలోసిన్, డాక్సీసైక్లిన్ లాంటివి పనిచేస్తాయి. ఏది, ఎంత, ఎన్నాళ్లన్నది పశువైద్యుడే చెప్పాలి. మందు వాడినన్నాళ్లూ, ఆపాక ఆయన చెప్పిన గడువు దాకా ఆ గుడ్లు తినకూడదు.

ఈలోగా మీరు చేయగలిగింది చాలా ఉంది. జబ్బు కోడిని వెంటనే వేరు చేయండి. దాని పని చివర్లో చూసుకుని, చేతులు కడుక్కోండి. వెచ్చగా, గాలి ఆడే చోట పెట్టండి. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో తడిపిన దూదితో ముక్కు రంధ్రాలు, కళ్లు తుడవండి. ముక్కు మూసుకుపోతే కోడి తిండి మానేయొచ్చు. దాణా తడిపి మెత్తగా పెడితే నాలుగు ముద్దలైనా మింగుతుంది.

తర్వాత గూట్లో మోకాళ్ల మీద కూర్చుని, తల కోడి ఎత్తుకు దించి వాసన చూడండి. నిలబడితే తెలియని అమోనియా అక్కడ కళ్లు మండిస్తుంది. రెట్టలోంచి పుట్టే ఆ ఘాటు గొంతు లోపలి సన్నటి నూగును పాడుచేస్తుంది. దుమ్మునీ క్రిములనీ పైకి నెట్టేది ఆ నూగే. చలి అని గూడు బిగించేస్తే ఘాటు ఇంకా పెరుగుతుంది. తడిసిన ఊక తీసేసి, కోళ్ల తలలకు పైన గాలి దారి వదలండి.

ఒక్కసారిగా కోళ్లు వరసగా చచ్చిపోతున్నా, తురాయి నీలిరంగుకు తిరిగినా వైద్యం మొదలుపెట్టకండి, కోసి చూడకండి. బర్డ్ ఫ్లూ కావచ్చు, మనుషులకూ సోకవచ్చు. పశువైద్య శాఖకు వెంటనే చెప్పండి.

మైకోప్లాస్మా, కొరైజా వచ్చిన కోడి కోలుకున్నా క్రిమిని మోస్తూనే ఉంటుంది. మైకోప్లాస్మా అయితే గుడ్డు ద్వారా పిల్లకూ చేరుతుంది. ఆ పెట్ట గుడ్లు పొదగేయకండి. కొత్త కోడిని తెస్తే 30 రోజులు విడిగా ఉంచండి, దాని పక్కన కూడా రాత్రిపూట కాసేపు కూర్చుని వినండి.