మండల విలేకరి చేతికి ఏఐ: అపోహలు - వాస్తవాలు

అపోహ: గ్రామసభ రికార్డింగ్ ఇస్తే చాలు, వార్త వచ్చేస్తుంది.

వాస్తవం: వచ్చేది ముసాయిదా. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో తెచ్చిన ఏఐ సాధనం సభాసార్ కూడా రికార్డింగ్ నుంచి మినిట్స్ రాసిపెడుతుంది. మినిట్స్ వేరు, వార్త వేరు. సభకు ఏ వాడ వాళ్లు రాలేదో, ఎవరి చేతిలోంచి మైకు లాక్కున్నారో విలేకరి కళ్లతో చూడాల్సిందే.

తెలుగులో తప్పులు పడే చోట్లు తెలిసినవే. ఇరవై అరవై అవుతుంది. ‘ఇస్తం’, ‘ఇయ్యం’ తారుమారైతే సర్పంచి మాటే తిరగబడుతుంది. మాటను రాతగా మార్చే విస్పర్ లాంటి ఏఐ మోడళ్లు మాటల్లేని చోట ఎవరూ అనని వాక్యాలు పుట్టిస్తాయి. అందుకే ఫోన్‌ను సౌండ్ బాక్సు ముందు కాకుండా మాట్లాడేవారికి మూరెడు దూరంలో పెట్టండి. ఖాళీ భాగాలు కత్తిరించి, పది నిమిషాల ముక్కలు చేయండి. వీలున్న చోట ఊళ్లు, ఇంటిపేర్లు, అధికారుల పేర్ల జాబితా ముందే ఇవ్వండి. తర్వాత అంకెలు, పేర్లు, కొటేషన్లలో పెట్టే ప్రతి మాటా చెవితో విని సరిచూడండి. ఈ పని మానేస్తే మిగిలిన శ్రమంతా దండగ.

అపోహ: పాత ఎడిషన్ల పీడీఎఫ్‌లు ఇస్తే ఆర్కైవ్ సిద్ధం.

వాస్తవం: అను ఫాంట్లలో కట్టిన పేజీ నుంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులే వస్తాయి, అవి అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ అక్షరాలు కావు గనుక. వాటినే ఇస్తే ఏఐ ఊహించి అల్లేస్తుంది. వాక్యం సాఫీగా ఉండటంతో తప్పు కంటికి ఆనదు. పేజీని 300 డీపీఐ బొమ్మగా మార్చి, కాలమ్‌లు విడగొట్టి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) చేయండి. వత్తులను అసలు పేజీతో పోల్చండి.

అపోహ: అనువాదం ఇక డెస్క్ చూడనక్కర్లేదు.

వాస్తవం: జీవోల్లోని ‘శాంక్షన్’, ‘రిలీజ్’ రెండూ ‘మంజూరు’ అయిపోవచ్చు. మంజూరైన డబ్బు విడుదల కాకపోవడమే చాలాసార్లు అసలు వార్త.

అపోహ: ఎఫ్ఐఆర్‌ను ఉచిత యాప్‌లో పెట్టినా నష్టం లేదు.

వాస్తవం: పెట్టొద్దు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్ ఉంది. యాప్‌లోకి వెళ్లిన పేరు సారాంశంలోకి, అక్కడి నుంచి పేజీలోకి జారిపోగలదు. పేరు, ఊరు, బడి, బంధువుల వివరాలు ముందే చెరిపేయండి. సమాచారమిచ్చిన మనిషి గొంతు కూడా గుర్తే. అలాంటి రికార్డింగుల కోసం విస్పర్‌ను ఆఫీసు కంప్యూటర్‌లోనే నెట్ లేకుండా నడపవచ్చు.